నాలుగు శతాబ్దుల ఔషధ వర్తక సంఘము

లోకములో క్రయవిక్రయములకు వచ్చు వస్తువులలో ఔషధము విలక్షణమైనది. బియ్యము కొనువాడు గింజను నోట వేసికొని చూడగలడు. బట్ట కొనువాడు నేతను వ్రేళ్ళతో తడవి చూడగలడు. బంగారము కొనువానికి గీటురాయి యున్నది. మందు కొనువానికి మాత్రము అట్టి పరీక్ష యేదియు లేదు. సీసాలోని ద్రవము, పొట్లములోని చూర్ణము నిజముగా వైద్యుడు వ్రాసినదేనా, కాదా యని తేల్చు శక్తి రోగికి లేదు. పరీక్షించు వరకు ఆగు వ్యవధియు లేదు. కనుక మందుల వ్యాపారమంతయు నమ్మకము మీద నిలిచియున్నది. ఆ నమ్మకము చెడినచో నష్టము డబ్బుతో పోదు, ప్రాణముతో పోవును.

మరి ఈ నమ్మకమును కాపాడు బాధ్యత యెవరిది? రాజుదా, వైద్యునిదా, అమ్మువానిదా? ఈ ప్రశ్నకు అమ్మువారే తమలో తాము కట్టుబాటు చేసికొని సమాధానము చెప్పిన సందర్భములు చరిత్రలో కొన్ని యున్నవి. వానిలో దీర్ఘాయువు గలది యొకటి లండను నగరమునందలి అపోథికరీల సంఘము. 1617లో పుట్టిన యీ సంఘము 2017లో నాలుగు వందల యేండ్లు నిండించుకొని నేటికిని సజీవముగ నున్నది. ఒక వర్తక సంఘము ఇంతకాలము ఎట్లు నిలిచినది, ఏయే గండములు గడచినది, ఎక్కడెక్కడ తప్పటడుగులు వేసినది అను విషయములను మా విద్యార్థి మిత్రులకు వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

మిరియాల అంగడినుండి

అపోథికరీ యను మాటకు మూలము ‘అపోథేకా’ యను ప్రాచీన పదము. సరకులు నిలువజేయు కొట్టు అని దాని యర్థము. సుగంధద్రవ్యములను, మూలికలను కొట్టులో నిలువజేసి, దంచి, కాచి, వడబోసి, మందుగా చేసి యమ్మువాడే అపోథికరీ. ఉర్దూ భాషలో అత్తారు అను మాట యించుమించుగా ఈ వృత్తినే సూచించును. హకీము చీటీ వ్రాయును, అత్తారు మందు కట్టి యిచ్చును. మన పల్లెలలో మూలికలు, కరక్కాయలు, శొంఠి, పిప్పళ్ళు అమ్ము పచారి కొట్టువాడు కూడ ఒక విధముగ ఈ కుటుంబములోనివాడే. చెన్నపురి రాజధానిలోని ఆసుపత్రులలో వెనుకటి రోజులలో అపోథికరీ అనునది ఒక ఉద్యోగ నామముగా నుండెను. కాబట్టి ఈ పదము మన ప్రాంతమునకు బొత్తిగా క్రొత్తది కాదు.

లండనులో ఈ వృత్తివారు మొదట మిరియాల వర్తకులలో ఒక భాగముగ నుండిరి. మిరియాల వర్తకుల శ్రేణి యొకటి 1180 నాటికే ఆ నగరములో నున్నట్లు దాఖలాలు గలవు. మన దేశపు పశ్చిమ తీరమున పండిన మిరియాలు అరబ్బు ఓడలలో బయలుదేరి, పెక్కు చేతులు మారి, చివరకు లండను అంగళ్ళకు చేరుచుండెడివి. ఈ వర్తకులు 1345లో ఒక సహోదర మండలిగా ఏర్పడిరి. తరువాత టోకు సరకులమ్మువారు కనుక గ్రోసరులని పేరుపడిరి. 1428లో వారికి రాజశాసనము లభించినది. మందులు చేయువారు కూడ ఈ గ్రోసరుల సంఘములోనే సభ్యులు.

ఇక్కడనే చిక్కు వచ్చినది. చక్కెర, మిరియాలు, ఎండు పండ్లు అమ్ముటకును, విషమును కూడ తగు పాళ్ళలో కలిపి మందుగా మార్చుటకును ఒకే విధమైన నైపుణ్యము చాలదు. పుచ్చిన మిరియాలు అమ్మినచో కూర చెడును. పుచ్చిన మూలిక అమ్మినచో మనిషి చచ్చును. మందుల కట్టుదిట్టములను సామాన్య వర్తకులు నిర్ణయించుట తగదనియు, తమకు వేరుగా ఒక సంఘము కావలెననియు అపోథికరీలు కోరసాగిరి.

శరణార్థి కుమారుడు

ఈ కోరికను సాధించిన వారిలో ముఖ్యుడు గిడియన్ డి లాన్. ఇతడు ఫ్రాన్సు దేశమున జన్మించెను. ఇతని తండ్రి ప్రొటెస్టెంటు మతాచార్యుడు, వైద్యుడు. ఫ్రాన్సులో ఆ మతమువారు అల్పసంఖ్యాకులు. హింసకు గురియై పెక్కుమంది ఇంగ్లండు చేరిరి. డి లాన్ కుటుంబము అట్లు వచ్చిన కుటుంబములలో నొకటి. పరదేశమున, పరభాషలో, తన పనితనమే పెట్టుబడిగా డి లాన్ పైకి వచ్చి, మొదటి జేమ్సు రాజుగారి భార్యయైన ఆన్ రాణికి అపోథికరీ యయ్యెను. రాజవైద్యుడైన థియోడోర్ డి మేయెర్న్ కూడ అట్టి ప్రొటెస్టెంటు కుటుంబమువాడే. ఆయన ఈ ఉద్యమమునకు అండగా నిలిచెను.

1617 డిసెంబరు 6వ తేదీన రాజు శాసనము జారీచేసి అపోథికరీలను గ్రోసరులనుండి వేరుచేసెను. గ్రోసరులు ఊరకుండలేదు. నగరపాలకులను ఆశ్రయించిరి, 1624లో పార్లమెంటుకు మొర పెట్టుకొనిరి. రాజు మాత్రము చలింపలేదు. గ్రోసరులు కేవలము వ్యాపారులు, ఔషధ నిర్మాణ రహస్యము ఆ పని నేర్చినవారిదే యని ఆయన వాదము. ఏ సంఘమైనను పుట్టుకలోనే వ్యతిరేకతను చవిచూచుట సామాన్యము. ఈ సంఘమునకు ఆ వ్యతిరేకతయే తన ప్రత్యేకతను నిరూపించుకొనవలసిన అవసరమును కల్పించినది.

మూడు కట్టుబాట్లు

శాసనము సంఘమునకు హక్కులతోపాటు బాధ్యతలను కూడ అప్పగించెను. వానిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది శిష్యరికము. ఏడు సంవత్సరములు ఒక గురువువద్ద పని నేర్చుకొనక, ఆపై సంఘపు పెద్దల యెదుట పరీక్షలో నెగ్గక, ఎవడును ఆ నగరములో అపోథికరీగా అంగడి పెట్టరాదు. తండ్రి అంగడి కుమారునికి సంక్రమింపవచ్చును గాని, తండ్రి విద్య పరీక్ష లేకుండ సంక్రమించినట్లు భావింపబడదు.

రెండవది సోదా. సంఘపు పెద్దలు ఏ సభ్యుని అంగడికైనను పోయి అక్కడి మందులను పరిశీలింపవచ్చును. కల్తీవియు, చెడిపోయినవియు కనబడినచో వానిని స్వాధీనపరచుకొని, ఆ దోషి వాకిటి ముందరనే తగులబెట్టవచ్చును. ఈ శిక్షలోని యుక్తి గమనింపదగినది. జరిమానా వేసినచో ఆ సంగతి సంఘమునకు, దోషికి మాత్రమే తెలియును. వాకిట మంట పెట్టినచో వీధి వీధికంతకును తెలియును. నమ్మకమును అమ్ముకొని బ్రతుకువానికి అంతకు మించిన శిక్ష లేదు.

మూడవది ప్రమాణ గ్రంథము. 1518లో స్థాపితమైన లండను వైద్య కళాశాల 1618లో ఔషధ యోగముల గ్రంథమును ప్రకటించెను. ఏ మందులో ఏ ద్రవ్యము ఎంత పాలు ఉండవలెనో అందు నిర్ణయింపబడినది. అపోథికరీలందరు దానినే అనుసరింపవలెనని ఆజ్ఞ. ఒకే పేరుగల మందు ఒక్కొక్క అంగడిలో ఒక్కొక్క తీరుగ నుండరాదను సూత్రము దీనితో స్థిరపడినది.

నేడు మన దేశములో 1940 నాటి ఔషధముల చట్టము ప్రకారము ఇన్‌స్పెక్టర్లు మందుల నమూనాలు తీసి పరీక్షకు పంపుచున్నారు. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము అర్హత గలవారే ఫార్మసిస్టులుగా నమోదగుచున్నారు. ఔషధములకు జాతీయ ప్రమాణ గ్రంథము కలదు. ఈ మూడింటిలోను ఉన్న ఆలోచన ఆ మూడు కట్టుబాట్లలోని ఆలోచనయే. భేదమేమనగా, అక్కడ ఆ పనిని మొదట వర్తకులే తమపై తాము విధించుకొనిరి. ఇక్కడ రాజ్యము నిర్వహించుచున్నది.

మొక్కల పాఠశాల

కల్తీని పట్టుకొనవలెనన్నచో అసలును గుర్తింపగలుగవలెను. ఆ కాలమున మందులలో నధికభాగము మూలికలే. ఎండిన ఆకును చూచి మొక్కను చెప్పగలుగుట అపోథికరీకి కనీస విద్య. అందుకై 1620నుండియే సంఘమువారు శిష్యులను వెంటబెట్టుకొని ఊరి బయట పొలములకు, అడవులకు పోయి మొక్కలను చూపించు యాత్రలు సాగించిరి. థామస్ జాన్సన్ అను సభ్యుడు 1629లో అట్టి యాత్రావృత్తాంతమును అచ్చువేయించెను. ఇంగ్లండులో అచ్చైన మొక్కల యాత్రా గ్రంథములలో అదియే మొదటిదని ప్రసిద్ధి. 1633లో ఈ జాన్సనే తన అంగడిలో ఒక అరటి గెలను వ్రేలాడదీయగా లండను జనులు వింతగా చూచిరట. మనకు పెరటి పండు, వారికి ప్రదర్శన వస్తువు!

1673లో సంఘము చెల్సీ యను చోట థేమ్సు నది యొడ్డున నేల కౌలుకు తీసికొని ఔషధీవనము నెలకొల్పెను. పడవలో చేరుటకు అనువైన చోటది. హాలెండులోని లైడెన్ వనముతోను, తదితర దేశములతోను విత్తనముల మార్పిడి జరిగినది. అయితే వనమును పోషించుట సంఘమునకు భారమైనది. ఆ సమయమున హాన్స్ స్లోన్ అను వైద్యుడు ఆదుకొనెను. యౌవనమున ఆ వనములోనే మొక్కలు నేర్చుకొన్న స్లోన్ తరువాత ఆ భూమికి యజమానియై, 1722లో ఏటికి 5 పౌనుల కౌలుపై దానిని సంఘమునకు శాశ్వతముగా నిచ్చెను. ఊరక ఇవ్వలేదు, ఒక షరతు పెట్టెను. ప్రతి సంవత్సరము ఆ వనములో పెరిగిన 50 క్రొత్త మొక్కలను ఎండబెట్టి రాయల్ సొసైటీకి సమర్పించవలెను. మొత్తము 2,000 అగువరకు ఈ పని సాగవలెను. దానము చేయుచు కూడ పని చేయించు నేర్పు ఇందు కలదు. విద్యాసంస్థలకు విరాళములిచ్చు దాతలకు ఇది మంచి దృష్టాంతము.

ఈ సంఘమునకు మన తీరముతో గల సంబంధమును గూడ ఇచ్చట చెప్పవలెను. 17వ శతాబ్ది చివరి సంవత్సరములలో చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటలో శామ్యూల్ బ్రౌన్ అను శస్త్రవైద్యుడుండెను. అతడు ఆ పరిసరములలోని మొక్కలను సేకరించి, వాని స్థానిక నామములను, స్థానికులు చెప్పిన గుణములను వ్రాసి లండనుకు పంపెను. అక్కడ వానిని అందుకొని పరిశీలించి రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించినవాడు జేమ్స్ పెటివర్. ఇతడు అపోథికరీల సంఘ సభ్యుడు. 1718లో పెటివర్ మరణింపగా అతని సేకరణలను స్లోన్ కొనెను. అట్లు మన నేలపై మొలిచిన ఆకులు నేటికిని లండనులోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలలో భద్రముగ నున్నవి. వాని పేర్లను, గుణములను చెప్పిన చెన్నపట్టణపు వైద్యుల పేర్లు మాత్రము అంత భద్రముగ మిగులలేదు.

తెగులు, అగ్ని, ప్రయోగశాల

1632లో సంఘము బ్లాక్‌ఫ్రయర్స్ అను పేటలో ఒక పురాతన భవనమును కొని తన కార్యస్థానముగ చేసికొనెను. 1665లో లండనులో మహామారి ప్రబలినది. వైద్యులలో పెక్కుమంది ధనికులైన తమ రోగులను అనుసరించి నగరము విడిచి పోయిరి. అపోథికరీలలో ననేకులు అక్కడనే నిలిచి, దిక్కులేనివారికి మందులిచ్చిరి. విలియం బోగర్స్ట్ అను అపోథికరీ ఆ వ్యాధిని తాను కన్నది కన్నట్లు వ్రాసి పెట్టెను. చట్టము ప్రకారము చికిత్స చేయుట వైద్యుల హక్కు; కాని కష్టకాలమున హక్కు గలవారు లేకపోయిరి, ఉన్నవారే చికిత్స చేసిరి. ఈ సంగతిని లండను ప్రజలు మరువలేదు.

మరుసటి సంవత్సరము, అనగా 1666లో, మహాగ్ని నగరమును దహించినది. సంఘభవనము భస్మమైనది. సభ్యులు నిరుత్సాహపడక, 1672 నాటికి అదే స్థలమున క్రొత్త భవనమును లేపిరి. మార్పులు, చేర్పులు ఎన్ని జరిగినను సంఘము నేటికిని ఆ స్థలముననే యున్నది.

భవనముతోపాటు వారొక ప్రయోగశాలను గూడ నిర్మించిరి. ఆ కాలమున పాదరసము మొదలగువానితో చేయు రసాయన మందులు వాడుకలోనికి వచ్చుచుండెను. అవి చిన్న అంగడిలోని కుంపటి మీద చేయదగినవి కావు. బట్టీలు, కొలిమిలు, నిపుణులు కావలెను. ఒక్కొక్క వర్తకునికి సాధ్యము కానిదానిని అందరు కలిసి మూలధనము వేసికొని సాధించిరి. ఇక్కడ తయారైన మందునకు సంఘము పూచీ. 1703నుండి బ్రిటిషు నౌకాదళమునకు మందులు సరఫరా చేయు భారము ఈ సంఘమునకు లభించినది. తరువాతి కాలమున ఈస్టిండియా కంపెనీకి కూడ వీరే మందుల పెట్టెలు సమకూర్చిరి. మన దేశములో కంపెనీవారి దండులలోను, ఆసుపత్రులలోను వాడిన మందులలో కొంతభాగము బ్లాక్‌ఫ్రయర్స్ బట్టీలలో కాగినదే.

కసాయివాని వ్యాజ్యము

సంఘ చరిత్రలో పెద్ద మలుపు ఒక సామాన్యుని ఫిర్యాదుతో వచ్చినది. విలియం రోజ్ అను అపోథికరీ జాన్ సీల్ అను కసాయివానికి మందులిచ్చెను. పెద్ద మొత్తము వసూలైనది గాని రోగము కుదురలేదు. సీల్ వైద్య కళాశాలకు ఫిర్యాదు చేసెను. రోజ్ వైద్యుని చీటీ లేకుండ తానే రోగమును నిర్ణయించి మందిచ్చినాడు గనుక నేరస్థుడని కళాశాల వ్యాజ్యము వేసెను. క్రింది న్యాయస్థానము కళాశాల పక్షమున తీర్పు చెప్పెను. సంఘము రోజ్ పక్షము వహించి ప్రభువుల సభకు అప్పీలు చేసెను. అచ్చట వారి వాదము సులభమైనది: వైద్యుని రుసుము చెల్లింపలేని బీదవాడు రాత్రివేళ జ్వరముతో వచ్చినపుడు అపోథికరీ యేమి చేయవలెను? తలుపు మూయవలెనా? 1704లో ప్రభువుల సభ క్రింది తీర్పును కొట్టివేసెను. నాటినుండి అపోథికరీ రోగికి సలహా చెప్పి మందు ఇచ్చుట చట్టసమ్మతమైనది.

అయితే ఈ విజయములోనే ఒక దోషము కూడ దాగియున్నది. అపోథికరీ మందు వెల తీసికొనవచ్చును గాని సలహాకు రుసుము తీసికొనరాదు. అందుచేత జీవనము సాగవలెనన్నచో ఎక్కువ మందులు అమ్మవలెను. అవసరమున్నను లేకున్నను సీసాలు రోగి యింటికి చేరసాగినవి. మందు నమ్మువాడే మందును నిర్ణయించునపుడు ఈ ప్రమాదము తప్పదు. మూడు వందల యేండ్ల క్రిందటి ఈ చిక్కు నేడు మన వీధులలో కానరాదని ఎవరనగలరు? జలుబునకు సైతము చేతినిండ మాత్రలు పట్టుకొని పోవు రోగి దీనికి సాక్షి.

పరీక్ష మహిమ

1815లో పార్లమెంటు అపోథికరీల చట్టమును చేసెను. ఇంగ్లండు, వేల్సు దేశములలో అపోథికరీగా వృత్తి చేయదలచినవాడు ఐదు సంవత్సరముల శిష్యరికము చేసి, సంఘము నియమించిన పరీక్షకుల యెదుట నెగ్గవలెను. శరీర నిర్మాణ శాస్త్రము, రసాయన శాస్త్రము, వృక్షశాస్త్రము, ద్రవ్యగుణ శాస్త్రములందు పాఠములు వినవలెను. ఆసుపత్రిలో పని చేయవలెను. లాటిను భాష వచ్చియుండవలెను. పల్లెటూళ్ళలో ఎవడుబడిన వాడు వైద్యుడనని చెప్పుకొను స్థితినుండి, దేశమంతటికి ఒక కనీస అర్హత యేర్పడు స్థితికి ఇది తొలిమెట్టు. సుప్రసిద్ధ కవి జాన్ కీట్సు 1816 జూలైలో ఈ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట వైద్యమును విడిచి కవిత్వమునకు అంకితుడయ్యెను.

ఈ పరీక్ష మరియొక చరిత్రను గూడ సృష్టించినది. ఎలిజబెత్ గారెట్ అను యువతి వైద్యురాలు కావలెనని సంకల్పించెను. వైద్య కళాశాలలన్నియు స్త్రీ యను కారణమున ఆమెను నిరాకరించినవి. ఆమె అపోథికరీల శాసనమును, చట్టమును చదివించి చూచెను. అందు పురుషులు అని లేదు, ‘వ్యక్తులు’ అని యున్నది. షరతులు నెరవేర్చిన వ్యక్తిని పరీక్షించక తప్పదు. ఆమె ఒక అపోథికరీవద్ద శిష్యరికము చేసి, అధ్యాపకులవద్ద ప్రత్యేకముగ పాఠములు చెప్పించుకొనెను. చివరి ఘట్టమున సంఘము వెనుకాడగా, ఆమె తండ్రి వ్యాజ్యము వేయుదునని హెచ్చరించెను. 1865 సెప్టెంబరులో ఆమె పరీక్షలో నెగ్గి అనుమతి పత్రమును పొందెను. స్త్రీల కొరకు ఆసుపత్రిని, విద్యాలయమును నిలిపిన ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ ఈమెయే.

ఇందు సంఘమునకు కీర్తి యెంత, అపకీర్తి యెంత యని విచారింపవలెను. తలుపు తెరచుకొన్నది, కాని తెరచినది సంఘపు ఔదార్యము కాదు, శాసనములోని ఒక్క మాట. ఆమె వెళ్ళిన వెంటనే సంఘము నియమములను మార్చి, ప్రైవేటుగా చదివినవారు పరీక్షకు రారాదని కట్టడి చేసెను. స్త్రీలను కళాశాలలు చేర్చుకొనవు గనుక, ఈ కట్టడి వారికి తలుపు మూయుటయే. దీర్ఘచరిత్ర గల సంస్థలను స్తుతించునపుడు ఇట్టి పుటలను దాటవేయుట న్యాయము కాదు. నియమావళిని వ్రాయువారు సమదృష్టితో వ్రాసినచో, తరువాతి తరము వారి సంకుచితత్వమును గూడ ఆ అక్షరమే జయింపగలదను సత్యము ఇందుండి తెలియుచున్నది.

వదలుకొనుట యను విద్య

18వ శతాబ్దిలో అపోథికరీలు క్రమముగ వైద్యులుగ మారుచుండగా, మందులు మాత్రమే చేసి యమ్ము క్రొత్త తెగ యొకటి బలపడినది. వారు ‘కెమిస్టులు, డ్రగ్గిస్టులు’. 1815 చట్టము వారి జోలికి పోలేదు. 1841లో జేకబ్ బెల్ మొదలైనవారి పూనికతో వారు తమ సొంత సంఘమును స్థాపించుకొనిరి. ఒకప్పుడు గ్రోసరులనుండి అపోథికరీలు వేరైనట్లే, ఇప్పుడు ఔషధ వ్యాపారము అపోథికరీల చేతినుండి జారిపోయినది. పెద్ద పెద్ద కర్మాగారములు వచ్చినవి. బ్లాక్‌ఫ్రయర్స్ ప్రయోగశాల వానితో పోటీపడలేకపోయినది.

సంఘము ఏమి చేసినది? 1899లో చెల్సీ వనమును ఇతర ధర్మకర్తలకు అప్పగించెను. ఆ వనము 1983లో సామాన్య ప్రజలకు తెరువబడి నేడును వర్ధిల్లుచున్నది. 1922లో సంఘము మందుల తయారీని, అమ్మకమును పూర్తిగ మానుకొనెను. ఏ పని కొరకు పుట్టినదో ఆ పనినే వదలుకొని కూడ సంఘము చావలేదు. కారణమేమి? అంగడి పోయినను పరీక్ష మిగిలినది. వైద్యవృత్తికి అర్హత నిచ్చు పరీక్షలను 20వ శతాబ్ది చివరి దాకా నిర్వహించుచు వచ్చెను. నేడు వైద్యశాస్త్ర చరిత్ర, వైద్యసంబంధమైన న్యాయశాస్త్రము మొదలగు ప్రత్యేక విషయములలో డిప్లొమాలు, ఉపన్యాసములు, ధర్మకార్యములు దాని పనులు.

నిలకడకు కారణములు

ఇంతవరకు చెప్పిన చరిత్రను సమీక్షించినచో ఈ సంఘపు దీర్ఘాయువునకు నాలుగు కారణములు మాకు గోచరించుచున్నవి.

ఒకటి, అది తన సభ్యులను బయటివారినుండి కాపాడుటకు ముందు, బయటివారిని తన సభ్యులనుండి కాపాడు బాధ్యత స్వీకరించినది. వాకిటిలోని మంట దానికి గుర్తు. ధరలు పెంచుకొనుటకు మాత్రమే కూడు వర్తకుల కూటములు లాభముతో పుట్టి, లాభము తగ్గగానే చెదరును.

రెండు, క్రొత్తవారికి విద్య నేర్పుటను ముఖ్య ధర్మముగ పెట్టుకొన్నది. అంగడి, వనము, ప్రయోగశాల, మూడును ఒక విధముగ పాఠశాలలే. విద్య గల సంస్థకు ప్రతి తరమునను క్రొత్త రక్తము ఎక్కుచుండును.

మూడు, ఒక్కనివల్ల కాని పనిని ఉమ్మడిగా చేసినది. అంగళ్ళు వేరైనను బట్టీ ఒకటి. పోటీదారులు కూడ ప్రమాణము విషయమున సహోదరులు కాగలరని నిరూపించినది.

నాలుగు, కాలము మారినపుడు పట్టు విడిచినది. ఇది అన్నింటికంటె కష్టము. వంశపారంపర్యముగ వచ్చిన వృత్తిని, భూమిని, పరపతిని వదలుకొని, అసలు ఉద్దేశమును మాత్రము ఒడిసి పట్టుకొనుట అందరికిని చేతనగు పని కాదు.

హైదరాబాదు పరిసరములు నేడు ఔషధ పరిశ్రమకు ప్రపంచ ప్రసిద్ధములు. ఇక్కడ తయారైన మాత్రలు ఎన్నో దేశముల రోగులను చేరుచున్నవి. మా విద్యార్థులలో కొందరు రేపు ఫార్మసిస్టులు కాగలరు, కొందరు రసాయన శాస్త్రజ్ఞులు, కొందరు వర్తకులు కాగలరు. యంత్రములు, భవనములు, చట్టములు వారికి సిద్ధముగ నుండును. కాని సీసాలోనిది ఏమో తెలియని రోగి మాత్రము నాలుగు వందల యేండ్ల క్రిందట ఎట్లుండెనో నేడును అట్లే యున్నాడు. చీటీ చేతబట్టుకొని అంగడి ముందు నిలుచుండు ఆ మనిషి అమ్మువాని ముఖము తప్ప మరేమియు చదువలేడు.

విద్యాసంస్థను నడుపు పెద్దలకును ఈ చరిత్ర ఒక మాట చెప్పుచున్నది. కళాశాల ఇచ్చు పట్టా కూడ ఒక సీసా వంటిదే. దానిపై నున్న పేరును చూచి లోకము లోపలి సరకును నమ్మును. ఆ పేరునకు విలువ భవనముల వలన రాదు, లోపలి సరకును మనమే ముందుగ, నిర్దాక్షిణ్యముగ పరీక్షించుకొనుట వలన వచ్చును. తన వాకిట తానే మంట పెట్టుకొనుటకు జంకని సంస్థను కాలము అంత తొందరగా కాల్చలేదు.